ఫోటో అంచున మోచెయ్యి

ఒంగోలు,
5 మార్చి 2000.

చిరంజీవి ఆత్రేయకు,

మామూలుగా ఈ చోట ఆశీస్సులు రాస్తాను. ఈసారి వాటిని నిలిపి ఉంచాను. నీ జవాబు చూశాక విడుదల చేయాలో లేదో ఆలోచిస్తాను.

నిన్న మా కాలేజీ స్టాఫ్ రూములో జరిగింది చెబుతాను, కుదురుగా కూర్చుని చదువు. మా కెమిస్ట్రీ నజీరా మేడమ్ నీకు తెలుసుగా. రెండేళ్లుగా స్టాఫ్ రూములో నా పక్క కుర్చీ ఆవిడది, హాస్టల్లో నా పక్క మంచం ఆవిడది, నా టిఫిన్ డబ్బాలో సగం కూడా ఆవిడదే. అంత దగ్గరి మనిషి హ్యాండ్‌బ్యాగులోంచి ఒక ఫోటో తీసి నా ముందు పెట్టింది.

"మహతీ, ఈ అమ్మాయి మన కాలేజీలోనే పాఠాలు చెబుతుందిట. మా అన్నయ్య వాళ్ల పక్కింటావిడ తన తమ్ముడికి చూస్తోంది. ఎట్లాంటి పిల్లో కనుక్కోమని నాకిచ్చింది. నాకైతే ఎవరో అంతుపట్టలేదు. నువ్వు గుర్తుపడతావేమో చూడు."

చూశాను. మొదట చీరని గుర్తుపట్టాను. మొన్న గుంటూరులో మన శ్రీరమ్య పెళ్లికి నేను కట్టుకున్న మిరపపండు రంగు పట్టుచీర. తర్వాత నా జుంకీల్ని గుర్తుపట్టాను. ఆ రెండిటి మధ్యా ఉన్న మొహం మాత్రం నాకు పరిచయం లేదు. సున్నం కొట్టిన గోడకి కాటుక పెట్టినట్టుంది. దానికి ముక్కు లేదు, రెండు చుక్కలున్నాయి. వాటినే ముక్కు అని మర్యాదకొద్దీ ఒప్పుకోవాలి. పైకెత్తిన చెయ్యి దువ్వెన పళ్లలాగా చీలికలై ఉంది. ఆ చెయ్యి ఎందుకెత్తానో కూడా నాకు జ్ఞాపకముంది. భోజనాల పంక్తిలో నెయ్యి వడ్డించేవాడు నన్ను దాటి వెళ్లిపోతుంటే పిలుస్తున్నాను. లోకంలో ఆడపిల్లలు పెళ్లిచూపుల ఫోటోకి చేతులు కట్టుకుని నిలబడతారు. నన్ను మాత్రం నెయ్యి అడుగుతుండగా పట్టుకున్నావు.

ఫోటో వెనక్కి తిప్పాను. "ఆత్రేయ డిజిటల్స్, జిన్నింగు మిల్లు వీధి, చిలకలూరిపేట" అని రబ్బరు ముద్ర. దొంగతనం చేసి చిరునామా ఇచ్చి వెళ్లిన దొంగని నిన్నే చూస్తున్నాను.

నజీరాకి ఏం చెప్పానంటావా. "తెలియదండీ" అన్నాను. అబద్ధం కాదు. ఆ పిల్లెవరో నాకు నిజంగానే తెలియదు.

ఇప్పుడు నువ్వు చెప్పాలి. ఈ పని ఎవరు చేయమన్నారు? ఇట్లాంటి ప్రింట్లు ఎన్ని తీశావు, ఎక్కడెక్కడ తిరుగుతున్నాయి? ఇంకోటి. ఆ ఫోటో కుడి అంచున ఎవరిదో మోచెయ్యి పడింది. అదీ తెల్లగా మెరుస్తోంది. మన రెండు కుటుంబాల్లోనూ అటువంటి మోచెయ్యి నేనెరగను.

ఫోన్ చేద్దామంటే అది ప్రిన్సిపాల్ గారి గదిలో ఉంది. నిన్ను నేను తిట్టబోయే తిట్లు ఆయన వినదగ్గవి కావు. అందుకని ఉత్తరమే రాయి.

అసలు రంగులో ఉన్న మీ అక్క,
మహతి.


చిలకలూరిపేట,
9 మార్చి 2000.

పూజ్యురాలైన అక్కకి,

సాష్టాంగ నమస్కారం పెట్టి, లేవకుండా అక్కడే పడుకుని రాస్తున్నాను.

నువ్వనుకున్నంత ఘోరమేమీ జరగలేదు. శాస్త్రీయంగా వివరిస్తాను. బీయస్సీ కంప్యూటర్స్ చదివి ఇంట్లో కూర్చున్నవాణ్ని, కనీసం ఇంతకైనా పనికిరానీ.

మన ఖాజావలి అన్న పెళ్లిళ్లకి వీడియో తీస్తాడు కదా. ఆ క్యాసెట్టుని వీసీఆర్‌లో పెట్టి, దాని పసుపుపచ్చ వైరు తెచ్చి నా కంప్యూటర్‌లోని క్యాప్చర్ కార్డుకి తగిలిస్తాను. అప్పుడు బొమ్మ కదులుతూ మానిటర్ మీదికి వస్తుంది. కావలసిన చోట మౌస్ నొక్కితే ఆ బొమ్మ ఆగి ఫోటో అవుతుంది. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి నా ప్రాణం తోకకొచ్చింది. వీసీఆర్‌ని ఆపి తీస్తే బొమ్మ నిండా గీతలు. నడుస్తుండగా తీస్తే చేతులు దువ్వెనలు. కార్డు ఏదో అమెరికా పద్ధతిలో పెట్టి ఉందని తెలియక, ఒక పూటంతా నువ్వు తెలుపు నలుపులో పైనుంచి కిందికి దొర్లుతూనే ఉన్నావు. మన పద్ధతికి మార్చగానే రంగులొచ్చాయి. ఆ సంతోషంలో మా అమ్మ హారతి పట్టుకొచ్చింది. నీకు కాదు, మానిటర్‌కి. ఇంతలో మిల్లులోంచి దూది వచ్చి ఫ్యానుకి చుట్టుకుని కంప్యూటర్ ఆగిపోయింది. సైకిల్ పంపుతో గాలి కొట్టి మళ్లీ లేపాను.

అసలు నేరస్థురాలు నీ చీర. ఎరుపు ఈ టేపుల్లో గీతలోపల ఉండదక్కా, పక్కకి కారుతుంది. నీ చీర ఎరుపంతా నీ మెడమీదికీ చెంపమీదికీ పాకింది. దాన్ని తగ్గించాలని వెలుతురు పెంచాను. ఆ సందట్లో తెరమీది వెలుతురు మీట, అదే స్లయిడర్, కొంచెం కుడివైపుకి జరిగి ఉండొచ్చు.

చేయించినవారి పేరు చెప్పడం వృత్తిధర్మం కాదు. ప్రింటు ఒక్కటే తీశాను. మోచెయ్యి సంగతి నాకు తెలియదు.

సంతోషవార్త ఏమంటే వాళ్లకి ఫోటో బాగా నచ్చిందిట. అబ్బాయి బ్యాంకులో ఉద్యోగం, గుంటూరు. ఉగాది వెళ్లాక ఆదివారం చూడడానికి వస్తామన్నారని మధ్యవర్తి వెంకటేశ్వరమ్మగారు కబురు చేశారు. కనుక ఆశీస్సులు విడుదల చెయ్యగలవు.

నీ పాదధూళి,
ఆత్రేయ.


ఒంగోలు,
13 మార్చి 2000.

పాదధూళీ,

"జరిగి ఉండొచ్చు." ఎంత నంగనాచి మాటరా అది. స్లయిడర్ దానంతట అది జరిగింది, దూది దానంతట అది చుట్టుకుంది, నా చీర దానంతట అది నా మొహమ్మీదికి కారింది. నువ్వు మాత్రం పక్కన హారతి కళ్లకద్దుకుంటూ నిలబడ్డావు. నా క్లాసులో కాపీ కొట్టి దొరికిన పిల్లలు కూడా ఇంతకన్నా గౌరవంగా మాట్లాడతారు.

చీర ఎరుపు కారితే మొహం ఎర్రబడాలి. తెల్లబడిందేమిటి? బోటనీ చెప్పుకునే దాన్నైనా ఈపాటి రంగులు నాకూ తెలుసు.

నేను పెళ్లి వద్దన్నానా? చూడడానికి రావద్దన్నానా? ఆ అబ్బాయి పుస్తకాలు చదువుతాడనీ, నెమ్మదస్థుడనీ, ఆ ఫోటో పిల్ల నేనని తెలియకుండానే నజీరా కూడా విని చెప్పింది. రమ్మను. వచ్చి నన్ను చూడమను. నచ్చకపోతే నచ్చలేదని లేచిపోయే హక్కు అతనికుంది, నాకూ ఉంది. కానీ ఇప్పుడు వాళ్లు వచ్చేది నాకోసం కాదు, నువ్వు తయారుచేసిన ఆ ముక్కులేని మనిషి కోసం. ఆవిడ ఉంటుందని వచ్చి నన్ను చూస్తారు. అప్పుడు మోసగత్తె ఎవరవుతారు? స్లయిడర్ అవుతుందా? నువ్వవుతావా? నేనవుతాను. నేను చెయ్యని మోసానికి, ట్రే పట్టుకుని, తలవంచుకుని, నేనే సమాధానం చెప్పాలి. నా పక్కన నాన్న కూడా చెప్పాలి. ముప్ఫై ఏళ్లు తెలుగు పండితుడిగా పనిచేసి పేటలో సగంమంది చేత నమస్కారం పెట్టించుకునే మనిషి.

కాబట్టి నువ్వు చెయ్యాల్సింది ఇది. ఆ స్లయిడర్ని ఉన్నచోటికి తెచ్చి, నా రంగులో, నా ముక్కుతో, కావాలంటే నెయ్యి పిలుస్తూనే, ఇంకో ప్రింటు తియ్యి. అది వెంకటేశ్వరమ్మగారి చేత వాళ్లకి పంపించు. చూసి మానుకుంటే మానుకోనీ. వాళ్లింట్లో కూర్చుని మానుకుంటే నాకేమీ తక్కువ కాదు.

చేయించినవారి పేరు మళ్లీ అడుగుతున్నాను.

మహతి.


చిలకలూరిపేట,
25 మార్చి 2000.

అక్కా,

ఆలస్యానికి క్షమించు. ఈసారి వేళాకోళం లేకుండా రాస్తున్నాను. కష్టంగానే ఉంది.

నువ్వు చెప్పిన ప్రింటు తీశాను. నువ్వు నువ్వులాగే వచ్చావు. దాన్ని కవర్లో పెట్టుకుని వెంకటేశ్వరమ్మగారింటికి బయల్దేరాను కూడా. ఎవరు చేయించారో వాళ్లకి ఒక మాట చెప్పి వెళదామని మధ్యలో ఆగాను. అదే పొరపాటు. కవరు లాగేసుకుని, "వాళ్లు రానీరా. వచ్చి దాంతో నాలుగు మాటలు మాట్లాడితే రంగు మర్చిపోతారు. గుమ్మందాకా రప్పించడానికే ఈ ఫోటో" అన్నారు. అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నేనేం చెయ్యను? మాటిచ్చి ఇంటికొచ్చాను.

పేరు అడగొద్దు.

ఉగాది తర్వాత ఆదివారం నాకు గుంటూరులో పెళ్లి వీడియో మిక్సింగ్ పని ఉంది. ఉంది అంటే, పెట్టుకున్నాను.

ఆత్రేయ.


ఒంగోలు,
11 ఏప్రిల్ 2000.

ఆత్రేయా,

నువ్వు పారిపోయిన ఆదివారం ఏం జరిగిందో నీకు తెలియాలి. పిన్ని చెప్పే ఉంటుంది. నేను చెబితే వేరు.

ముగ్గురు వచ్చారు. అబ్బాయి, వాళ్లమ్మగారు, ఒక పెదనాన్నగారు. నేను కాఫీ ట్రే పట్టుకెళ్లాను. అందరికీ ఇచ్చి కూర్చున్నాను. వాళ్లమ్మగారు కాఫీ తాగుతూ నా భుజం మీదుగా లోపలి గుమ్మం వైపు చూస్తోంది. కాసేపయ్యాక, చాలా ఆప్యాయంగా, "ఇక అమ్మాయిని కూడా పిలవండి" అంది.

నాన్న నవ్వుతూ, "ఈవిడేనండీ మా అమ్మాయి" అన్నాడు. ఆవిడేదో హాస్యమాడిందనుకున్నాడు పాపం.

ఆవిడ బ్యాగులోంచి ఫోటో తీసింది. నా చెంప పక్కన పెట్టింది. పబ్లిక్ పరీక్షల్లో హాల్ టికెట్ మీది మొహాన్నీ పిల్ల మొహాన్నీ నేను ఎట్లా సరిచూస్తానో అట్లా చూసింది. నేను ఇన్నాళ్లూ ఎందరు పిల్లల్ని అట్లా చూశానో అప్పుడు తెలిసింది. ఆ ఫోటో చేతులు మారి పెదనాన్నగారి దగ్గరికి వెళ్లింది. ఆయన నాన్నతో, "మాస్టారూ, పదిమందికి నీతులు చెప్పినవారు. మీరు కూడా ఇట్లా చేస్తే ఎట్లాగండీ" అన్నాడు.

నాన్న ఆ ఫోటోని అప్పుడే మొదటిసారి చూడడం. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. "ఇది మా అమ్మాయి కాదండి" అన్నాడు. నిజమే చెప్పాడురా. వాళ్లకది రెండో అబద్ధంలాగా వినపడింది. "మరి చీర ఎవరిదండీ?" అంది ఆవిడ.

అబ్బాయి తలెత్తలేదు. మిరపకాయ బజ్జీ తింటూ కూర్చున్నాడు. గుంటూరువాడై ఉండి ఆ ఘాటుకి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ గదిలో ఎవరికైనా కళ్లు చెమర్చాయంటే ఆ బజ్జీ పుణ్యమే.

ఫోటో తిరిగి బ్యాగులో పెట్టుకుని వెళ్లిపోయారు. నలుగురికీ చూపించడానికి కాబోలు. అమ్మ వంటింట్లోంచి బయటికే రాలేదు. నేను వెళ్లి చూస్తే కాఫీ గ్లాసులు కడుగుతోంది. కడిగినవే మళ్లీ కడుగుతోంది. రోజూ వెళ్లే లైబ్రరీకి నాన్న ఆ సాయంత్రం వెళ్లలేదు.

ఇదీ నీ వృత్తిధర్మం ఫలితం. నాకు జరిగిందాన్ని నేను ఇంకో నెలకి జోకు చేసి నజీరాకి చెప్పుకుంటాను. నాన్నకి జరిగిందాన్ని జోకు చెయ్యడం నాకు చేతకాదు. నీ ముద్దుల కస్టమర్ ఎవరో ఇప్పుడు చెప్పు. చెప్పకపోతే నేను పేటకొచ్చి నీ గుమ్మం ముందు నిలబడి, వచ్చే ప్రతి పెళ్లికూతురి తల్లికీ నా మొహం చూపిస్తాను. ముందు, తర్వాత అని.

మహతి.


చిలకలూరిపేట,
16 ఏప్రిల్ 2000.

అక్కా,

పెద్దమ్మ.

రెండు సార్లు కొట్టేసి మళ్లీ రాశాను. పెద్దమ్మే, అక్కా. మీ అమ్మ.

శ్రీరమ్య పెళ్లయిన పది పన్నెండు రోజులకి ఒక మధ్యాహ్నం వచ్చింది. సంచిలో పైన మునక్కాయలు, కింద క్యాసెట్టు. మా అమ్మని బజారుకి పంపించి, నా పక్కన స్టూలు మీద కూర్చుంది. "మహతి ఫోటోలన్నీ స్టూడియోవాడు నల్లగా తీశాడు. ఇందులోంచి ఒకటి తియ్యరా. నీ మిషన్‌లో రంగు మారుతుందిట కదా" అంది.

బాగా వచ్చిన బొమ్మ భోజనాల దగ్గరిదే. నువ్వు నెయ్యి పిలుస్తున్నావు, పక్క విస్తరి పెద్దమ్మది. ఇద్దరూ ఉన్నారు. నేను స్లయిడర్ కుడికి జరిపాను. "ఇంకొంచెం" అంది. జరిపాను. "ఇంకొంచెం రాదుట్రా?" అంది. నాకున్న ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక మనిషికే వెలుతురు పెంచడం కుదరదక్కా. పెంచితే బొమ్మంతటికీ పెరుగుతుంది. నువ్వు తెల్లబడుతుంటే పక్కన పెద్దమ్మ కూడా తెల్లబడుతోంది. ఆవిడ ముందు గమనించలేదు. గమనించాక స్టూలు తెర దగ్గరికి జరుపుకుంది.

నేను సేవ్ చెయ్యబోతే, "ఒక్క నిమిషం అట్లాగే ఉంచరా" అంది.

ఉంచాను. చీర కొంగు నోటికడ్డం పెట్టుకుని చూస్తూనే ఉంది. తర్వాత చెప్పింది. మీ నాయనమ్మగారు ఇంటికి ఎవరొచ్చినా "ఇదిగో మా నల్లకోడలు" అని చూపించేవారుట. పూజకొచ్చినవాళ్లకి, పాలవాడికి, చివరికి ఆస్పత్రిలో డాక్టరుకి కూడా. ఆవిడ పోయేదాకా అదే పేరు. "ఆ పేరు దానికి రాకుండా గుమ్మం దాటిస్తే చాలురా" అంది.

వెళ్తూ, "నన్ను తీసెయ్. పక్కపక్కన ఉంటే ఎవరి కూతురో, అసలు రంగేమిటో తెలిసిపోతుంది" అంది. కత్తిరించాను. నీ భుజం కొయ్యకుండా ఉండాలంటే ఆ మోచెయ్యి వదలక తప్పలేదు.

కవరు లాక్కున్నది కూడా పెద్దమ్మే. పెదనాన్నకి, అంటే మీ నాన్నకి, ఏమీ తెలియదు.

ఫైళ్లు రెండూ నా దగ్గరున్నాయి, అసలుదీ, కత్తిరించకముందటి తెల్లదీ. నువ్వు చెయ్యమంటే ఇప్పుడే చెరిపేస్తాను.

ఆత్రేయ.


ఒంగోలు,
22 ఏప్రిల్ 2000.

ఒరేయ్ ఆత్రేయా,

చెరిపావంటే చంపుతాను.

ఆ పంక్తిలో నా పక్కన ఎవరు కూర్చున్నారో నాకు తెలియదా? నా విస్తట్లో అప్పడం తీసి తన విస్తట్లో వేసుకున్న మనిషిని మర్చిపోతానా? ఫోటో చూసిన రోజునే తెలుసు. ఆ మోచెయ్యి తెల్లగా ఉంది కాబట్టి ఆవిడది కాదని నాకు నేనే చెప్పుకుని, నిన్ను తిట్టడం మొదలుపెట్టాను. నిన్ను తిట్టడం తేలిక.

నాకు అమ్మ మీద కోపం లేదనుకోకు. ఒళ్లు మండిపోతోంది. నన్ను కన్న మనిషి నన్ను దాచింది. తనని తాను కత్తిరించుకుని మరీ దాచింది. కానీ ఆ కోపం ఆవిడ దగ్గర ఆగడం లేదు. దాటి ఇంకా ముందుకి పోతోంది.

"నల్లకోడలు" అనడం నేనూ విన్నాను. చిన్నప్పుడు అది ముద్దుపేరనుకునేదాన్ని. నాన్న నాకన్నా ఎక్కువ విన్నాడు. బళ్లో ఒక పిల్లాడు ఇంకో పిల్లాణ్ని కుంటివాడా అంటే బెంచీ ఎక్కించే మనిషి, ఇంట్లో పేపరు మడతపెట్టి ఇంకో పేజీ తిప్పాడు. మొన్న ఆ పెదనాన్నగారు నీతులు అన్నప్పుడు నాన్న కోసం నా గుండె తరుక్కుపోయింది. ఇప్పుడు ఆ తరుగులో సగం వెనక్కి తీసుకుంటున్నాను.

ఎంసెట్ కోచింగు మొదలైంది, నాకు సెలవు దొరకదు. కనుక నా తరఫున నువ్వు వెళ్లు. ఇది ప్రాయశ్చిత్తం కాబట్టి పూర్తిగా చెయ్యి. నీ కంప్యూటర్నీ మానిటర్నీ ఆటోలో వేసుకుని, ఖాజావలి కెమెరా అడిగి తీసుకుని మా ఇంటికి పో. ముందు ఆ అసలు బొమ్మ, ఇద్దరం ఉన్నది, నాన్నకి చూపించు. ఎవరు చేయించారో నువ్వు చెప్పకు, అడిగితే అమ్మే చెబుతుంది. తర్వాత నాన్నని కెమెరా ముందు కూర్చోబెట్టు. మౌసు అమ్మ చేతికివ్వు. ఇచ్చి, నువ్వు నోరు మూసుకుని నిలబడు. అది నీకు మహా కష్టం, అయినా ప్రయత్నించు.

మహతి.


చిలకలూరిపేట,
2 మే 2000.

అక్కా,

నీ ఆజ్ఞ నెరవేరింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆదివారం పొద్దున ఆటోలో మానిటర్ని ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. చంటిపిల్ల మొహమ్మీద కొంగు కప్పినట్టు మా అమ్మ దానిమీద తువ్వాలు కప్పింది, మిరప లారీల ఘాటు తగలకుండానట. పెదనాన్న రాసుకునే బల్లమీద అంతా అమర్చాను.

అసలు బొమ్మ చూపించాను. పెదనాన్న చాలాసేపు చూశాడు. "ఇది మన మహతి. నెయ్యి పిలుస్తోంది కదూ" అన్నాడు. తర్వాత, "మరి ఆ రోజు వాళ్ల దగ్గరున్నది?" అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. పెద్దమ్మ గుమ్మం దగ్గర్నుంచే, "నేనే చేయించానండీ" అంది. ఆయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. ఎట్లా చేశావని కూడా అడగలేదు.

అప్పుడు నువ్వు చెప్పినట్టే కెమెరా పెట్టి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాను. పాస్‌పోర్టు ఫోటోకి కూర్చున్నట్టు బిగుసుకుని కూర్చున్నాడు. మానిటర్‌లో తనని తాను చూసుకుని ఉత్తరీయం సర్దుకున్నాడు. మౌసు పెద్దమ్మ చేతికిచ్చాను. కరుస్తుందేమో అన్నట్టు పట్టుకుంది.

"ఎటు లాగాలిరా?"

"కుడికి లాగితే తెలుపు, ఎడమకి నలుపు పెద్దమ్మా. కింద ఇంకోటుంది, దాని జోలికి పోకు."

దాని జోలికే పోయింది. పెదనాన్న రామచిలక రంగయ్యాడు. పెద్దమ్మకి నవ్వు ఆగలేదు. "ఏమండీ, మీరు పచ్చబడ్డారండీ" అంది. ఆవిడ అంత గట్టిగా నవ్వడం నేనెప్పుడూ వినలేదు, మీ వీధివాళ్లూ వినలేదు, కిటికీ దగ్గరికొచ్చారు. తర్వాత కుడికి లాగింది. పెదనాన్న ముక్కు పోయింది. ఆయన తడుముకుని చూసుకున్నాడు.

ఆ తర్వాత ఎడమకి. నెమ్మదిగా. కొంచెం లాగి, చూసి, ఇంకొంచెం లాగి. బొగ్గులా అయ్యేదాకా లాగింది. ఆయన కళ్లజోడు, ఉత్తరీయం అంచు మాత్రం కనిపిస్తున్నాయి. అక్కడ చెయ్యి ఆపింది. ఇప్పుడు నవ్వడం లేదు.

"ఇప్పుడు అత్తయ్యగారుంటే మిమ్మల్ని ఏమని పిలిచేవారంటారు?" అంది.

పెదనాన్న తెరవైపు చూస్తున్నాడు, పెద్దమ్మ పెదనాన్నవైపు చూస్తోంది. నేను వైర్లవైపు చూశాను.

ఆయన కళ్లజోడు తీసి, "పిలిచినప్పుడల్లా నేనూ అక్కడే ఉండేవాణ్ని కదూ" అన్నాడు.

"ఉండేవారు" అంది పెద్దమ్మ.

అంతే. పెద్దమ్మ మౌసు వదిలేసి లోపలికెళ్లి మజ్జిగ తెచ్చింది. ఆయన మజ్జిగ తాగి, ఇద్దరూ ఉన్న బొమ్మని అసలు రంగులో ప్రింటు తీసి తెమ్మన్నాడు.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని గుంటూరు బస్సెక్కాడు. సరాసరి వాళ్లింటికి. ఆ అబ్బాయి పెదనాన్నగారే తలుపు తీశాడు. "మేం వేరే సంబంధం చూసుకుంటున్నాం మాస్టారూ" అన్నాడు, కుర్చీ కూడా చూపించకుండా.

"సంబంధం కోసం రాలేదండీ" అని మన పెదనాన్న కొత్త ఫోటో ఆయన చేతిలో పెట్టాడు. "ఇది మా అమ్మాయి మహతి. ఇది మా ఆవిడ జ్ఞానప్రసూనాంబ. ఆ పాతది మాకిచ్చెయ్యండి. మోసం చేశారని మీరు ఎవరికైనా చెప్పేటప్పుడు, ఎవరు చేశారని అడిగితే నా పేరు చెప్పండి. చూపించాల్సొస్తే ఇది చూపించండి."

పాతది తెచ్చి ఇచ్చారు. అబ్బాయి లోపల్నుంచి తొంగిచూశాడు, రాలేదు. పేటలో బస్సు దిగాక పెదనాన్న నేరుగా లైబ్రరీకి వెళ్లాడు.

ఇప్పుడు నీ సలహా కావాలి. నేను మానిటర్ ఆటోలోకి ఎక్కిస్తుంటే పెద్దమ్మ నా వెనకాలే వచ్చి, ఎవరూ వినకుండా అడిగింది. "ఆ రోజు తెల్లగా వచ్చిన నా బొమ్మ ఉందిట్రా, చెరిపేశావా?" ఏమీ చెప్పకుండా తప్పించుకొచ్చాను. ఏం చెయ్యమంటావు?

నీ ఆటో కూలీ,
ఆత్రేయ.


ఒంగోలు,
10 మే 2000.

చిరంజీవి ఆత్రేయకు ఆశీస్సులు. పాతవీ కలిపి.

నీ ఉత్తరం చివరి నాలుగు లైన్లు చదివి మళ్లీ మండిపడ్డాను. ఇంత జరిగాక, నాన్న గుంటూరుదాకా వెళ్లొచ్చాక, అమ్మ అదే అడుగుతుందా అని. అమ్మకి నాలుగు పేజీలు రాశాను. ఆత్మగౌరవం మీద ఒక పేజీ, నాయనమ్మ మీద ఒక పేజీ, మిగిలిన రెండూ కేవలం తిట్లు. చక్కటి భాష పడింది. పోస్టు చెయ్యలేదు.

ఉత్తరంతో నువ్వు పంపిన మా ఇద్దరి ప్రింటు నా ట్రంకుపెట్టె మూతకి లోపల అంటించాను. నిన్న తువ్వాలు తీసుకుంటుంటే నజీరా చూసింది. "నీదేగా ఇది, నెయ్యి కోసమేనా ఆ అరుపు?" అంది. ఒక్క క్షణం పట్టలేదు గుర్తుపట్టడానికి. తర్వాత పక్కన వేలు పెట్టి, "వీరెవరని అడగక్కర్లేదులే" అంది. కాసేపాగి, ఒంగోలులో తను ఎవరెవరినో అడుగుతూ తిప్పిన ఆ మొదటి ఫోటో నాదేనని అర్థమై, మంచమ్మీద కూలబడింది. నేను ఓదార్చలేదు. రెండేళ్ల టిఫిన్ డబ్బాకి ఆ మాత్రం శిక్ష పడాలి.

ఆ గుంటూరు అబ్బాయి తన బ్యాంకు చిరునామాతో నాకొక కార్డు రాశాడు. ఆ రోజు మాట్లాడనందుకు బాధపడుతున్నాడుట. బజ్జీ అయిపోయాక బాధ మొదలైనట్టుంది. జవాబు రాయను. నాన్నకి పట్టినన్ని ఏళ్లు ఇతనికీ ఇచ్చే ఓపిక నాకు లేదు.

నాన్న మీద నా కోపం తగ్గలేదని ఆయనకి చెప్పు. కానీ వాళ్ల గుమ్మంలో నిలబడి అమ్మ పేరు మొత్తం చెప్పాడని రాశావే, ఆ లైను మాత్రం నజీరాకి చదివి వినిపించాను.

ఇక అమ్మ అడిగింది. ఇచ్చెయ్యి. అసలుది ఇంట్లో ఉంది, అందరూ చూశారు, ఇక ఎవరికీ ఆవిణ్ని దాచాల్సిన పని లేదు. ఆ తెల్లబొమ్మ ఆవిడ ఒక్కతే తీసి చూసుకుంటుంది, మళ్లీ పెట్టెలో పెట్టుకుంటుంది. ఒక్క నిమిషం అట్లాగే ఉంచమంది కదా, ఉండనీ. కాకపోతే ఆ రంగులో నేను ఎవరి పెట్టెలోనూ ఉండను.

ఈసారి నన్ను కత్తిరించు. పెద్దమ్మని నిండుగా ఉంచు, విస్తరితో సహా. అంచున నా మోచెయ్యి ఉంటే ఉండనీ.

మీ అక్క,
మహతి.